ఎలుకకు తగ్గితే మనకు తగ్గినట్టేనా?



2020లో సంక్రాంతి పండుగ వెళ్లిన వారంలో మా ఓ.పి.కి ఒక తల్లి వచ్చింది. ఎవరో గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చి రాస్తున్నాను. ఆమె ఆరేళ్లుగా హెచ్.ఐ.వి.కి మందులు వాడుతూ, కూలి పని చేసుకుంటూ, ఇద్దరు పిల్లలను చదివించుకుంటోంది. ఆ రోజు మాత్రం మనిషి చిక్కిపోయి ఉంది. నోట్లో తెల్లపూత, నెల రోజులుగా విడవని విరేచనాలు. "మందులు సరిగ్గా వేసుకుంటున్నావా అమ్మా?" అంటే తల దించుకుంది. కాసేపటికి మాత్రల కవరులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"సిస్టరమ్మా, ఎలకల ఒంట్లోంచి ఈ పురుగును పూర్తిగా తీసేశారంట. మా తమ్ముడు చదివి చెప్పాడు. ఇంక మనకీ ఆ మందు వచ్చేస్తది గదా అని మాత్రలు ఆపాను. అయిదు నెలలయింది."

ఆమెను కోప్పడకూడదు అనుకుంటూనే కొంచెం కోప్పడ్డాను. తర్వాత నాకే బాధ కలిగింది. ఎందుకంటే ఆ పేపరులో వేసిన వార్త అబద్ధం కాదు. 2019 జూలైలో అమెరికాలోని టెంపుల్, నెబ్రాస్కా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు నిజంగానే ఆ ప్రయోగం ఫలితం ప్రకటించారు. కొన్ని ఎలుకల్లో, అంటే వైద్యం చేసినవాటిలో సుమారు మూడింట ఒక వంతులో, హెచ్.ఐ.వి. మిగలలేదు. వార్త నిజమే. ఆమె చదువుకున్న అర్థం మాత్రం నిజం కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం ఏమిటో ఎవరూ ఆమెకు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

హెచ్.ఐ.వి. జంతువులకు ఎందుకు పట్టదు?

క్షయ క్రిమిని గినీ పందికి ఎక్కిస్తే దానికి క్షయ వస్తుంది. అందువల్ల క్షయ గురించి వంద సంవత్సరాలకు పైగా జంతువుల మీద ఎన్నో సంగతులు తెలుసుకోగలిగారు. హెచ్.ఐ.వి. దగ్గరకు వచ్చేసరికి ఆ దారి మూసుకుపోయింది. మామూలు ఎలుకకు హెచ్.ఐ.వి. ఉన్న రక్తం ఎక్కించినా దానికి ఆ జబ్బు రాదు.

కారణం ఇది. మన రక్తంలో సి.డి.4 కణాలు అని ఉంటాయి. రోగనిరోధక శక్తికి అవి మేస్త్రీల వంటివి, మిగతా కణాలకు పని పురమాయిస్తాయి. హెచ్.ఐ.వి. ఆ కణం మీద ఉండే సి.డి.4 అనే తలుపును, దాని పక్కనే ఉండే ఇంకొక చిన్న తలుపును పట్టుకుని లోపలికి దూరుతుంది. ఎలుకకూ సి.డి.4 కణాలున్నాయి గానీ ఆ తలుపు తాళం వేరు. మన తాళంచెవి దానికి పట్టదు. పోనీ అని మనిషి తలుపులను ఎలుక కణాలకు అమర్చి చూశారు. వైరస్ లోపలికి వెళ్లింది గానీ అక్కడ పిల్లలు పెట్టలేకపోయింది. వైరస్‌కు సొంత పనిముట్లు లేవు. ఏ కణంలో దూరితే ఆ కణం పనిముట్లతోనే తన నకళ్లు తయారు చేసుకోవాలి. ఎలుక కణంలో ఉన్న పనిముట్లు దానికి సరిపోలేదు.

మనిషికి దగ్గర చుట్టం చింపాంజీ. 1980ల మధ్యలో అమెరికాలో చింపాంజీలకు హెచ్.ఐ.వి. ఎక్కించడం మొదలుపెట్టారు. వాటికి వైరస్ పట్టింది. అలా నూరుకు పైగా చింపాంజీలకు ఎక్కించి సంవత్సరాల తరబడి ఎదురుచూశారు. జబ్బు రాలేదు. పదేళ్లకు పైగా గడిచాక ఒక్క చింపాంజీకి ఎయిడ్స్ వచ్చినట్టు 1997లో ప్రకటించారు. అన్నేళ్లు బోనుల్లో పెట్టి తెలుసుకున్నది అంతే. ఆ ప్రాణులకు పెట్టిన బాధకు తగినంత మేలు మనుషులకు కలగలేదని నా అభిప్రాయం. చివరకు 2015లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ చింపాంజీల మీద అటువంటి పరిశోధనలకు తన మద్దతు పూర్తిగా ఆపేసింది.

చింపాంజీల వల్ల తెలిసిన పెద్ద సంగతి వేరే ఉంది. ఆఫ్రికా అడవుల్లోని చింపాంజీలలో ఈ వైరస్‌కు మూలమైన వైరస్ ఒకటి ఉంది. కామెరూన్ దేశపు ఆగ్నేయ అడవుల చింపాంజీల నుండి అది మనుషుల్లోకి వచ్చిందని 1999, 2006 సంవత్సరాలలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. వేటాడిన జంతువు మాంసం కోసేటప్పుడు రక్తం గాయాలకు తగిలి వచ్చి ఉండవచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కొందరు సభల్లో కూడా ఇంకా ఏవేవో కట్టుకథలు చెబుతున్నారు గనుక ఈ మాట రాయవలసి వచ్చింది.

మన దేశపు కోతి

1985లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, పరిశోధన కోసం పెంచుతున్న కోతుల్లో కొన్ని, ఎయిడ్స్ రోగుల మాదిరిగానే చిక్కిపోయి చనిపోతున్నాయని గమనించారు. పరీక్షిస్తే వాటి రక్తంలో హెచ్.ఐ.వి.ని పోలిన వైరస్ బయటపడింది. దానికి ఎస్.ఐ.వి. అని పేరు పెట్టారు. హెచ్ అంటే మనిషి, ఎస్ అంటే కోతి జాతి. అంతే తేడా.

ఆ జబ్బు పడినవి రీసస్ కోతులు. ఇవి మనకు కొత్తవి కావు. ఎర్రమూతి, పొట్టి తోక, గుళ్ల దగ్గరా రైల్వే స్టేషన్లలోనూ మన చేతిలో అరటిపండు లాక్కుపోయే కోతులే. మీ రక్తం గ్రూపు పక్కన పాజిటివ్ అనో నెగటివ్ అనో రాస్తారు చూడండి, ఆ ఆర్.హెచ్. అనే రెండు అక్షరాలు ఈ రీసస్ పేరు నుండి వచ్చినవే. ఒకప్పుడు మన దేశం నుండి ఇవి వేల సంఖ్యలో విదేశీ ప్రయోగశాలలకు ఎగుమతి అయ్యేవి. 1978లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అప్పటికే అక్కడ ఉన్న కోతుల సంతతిని వాళ్లు పెంచుతూ వచ్చారు. ఇప్పటికీ ఎయిడ్స్ పరిశోధనల్లో భారత సంతతి రీసస్ కోతి అని ప్రత్యేకంగా రాస్తారు. వీటిలో ఎస్.ఐ.వి. జబ్బు త్వరగా ముదురుతుంది. మనిషిలో మందులు లేకుండా సుమారు పదేళ్లు పట్టే మార్పు వీటిలో ఒకటి రెండేళ్లలోనే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఊళ్లో కోతుల వల్ల ఎయిడ్స్ వస్తుందేమోనని ఎవరూ భయపడనక్కరలేదు. ఆసియా ఖండపు కోతుల్లో ఈ వైరస్ సహజంగా లేదు. ప్రయోగశాల కోతులకు అది ఆఫ్రికా కోతుల నుండి అంటుకున్నది. కోతి కరిస్తే భయపడవలసింది పిచ్చికుక్క జబ్బు గురించి, అదే రేబిస్. గాయాన్ని సబ్బుతో పావుగంట సేపు ధారగా కడిగి, అదే రోజు సూదిమందుకు రావాలి.

ఎస్.ఐ.వి. ఆఫ్రికాలోని సూటీ మాంగబీ అనే కోతుల్లో తరతరాలుగా ఉంది. వాటి రక్తంలో వైరస్ బోలెడంత ఉన్నా వాటికి జబ్బు రాదు. అదే వైరస్ మన రీసస్ కోతికి ఎక్కితే చంపేస్తుంది. ఒకే క్రిమి, చూడ్డానికి ఒకేలాంటి కోతులు, ఫలితం మాత్రం వేరు. ఇది గుర్తుంచుకుంటే పేపర్లలో వచ్చే వార్తలు చదివే పద్ధతి మారుతుంది. కోతికీ కోతికే ఇంత తేడా ఉంటే, ఎలుకకూ మనిషికీ ఎంత ఉండాలి?

రీసస్ కోతికి హెచ్.ఐ.వి. నేరుగా ఎందుకు పట్టదో 2004లో కొంత తెలిసింది. ఆ కోతి కణాల్లో ట్రిమ్ ఫైవ్ ఆల్ఫా అనే ఒక ప్రోటీను ఉంది. హెచ్.ఐ.వి. లోపలికి రాగానే అది కాపలాదారులా పట్టుకుంటుంది. మన కణాల్లోనూ ఆ ప్రోటీను ఉంది గానీ మన కాపలాదారు హెచ్.ఐ.వి.ని సరిగ్గా గుర్తుపట్టలేడు. అందుకని 1990ల మొదటినుండి శాస్త్రవేత్తలు ఎస్.ఐ.వి.కి హెచ్.ఐ.వి. పైతొడుగు వేసి, రెండూ కలిసిన వైరస్ తయారుచేసి కోతుల మీద పరీక్షిస్తున్నారు. దానికి ష్యివ్ అని పేరు.

సూది గుచ్చుకున్న రాత్రి

ఇదంతా మనకెందుకు అని అడిగేవారికి ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మా దగ్గర ట్రైనింగులో ఉన్న ఒక అమ్మాయికి రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుంది. రక్తం తీసిన సూదికి మూత పెట్టబోయింది. పెట్టవద్దని ఎన్నిసార్లు చెప్పినా చేతులకు అలవాటైన పని అది. ఆ రోగికి హెచ్.ఐ.వి. ఉంది. అమ్మాయి ఎవరికీ చెప్పకుండా బాత్రూములో ఏడుస్తూ కూర్చుంటే స్వీపరమ్మ చూసి నన్ను లేపింది. సబ్బుతో కడిగించి, మందులు మొదలుపెట్టేసరికి మూడు గంటలు దాటింది. నాలుగో రోజుకు వాంతులు పట్టుకున్నాయి. "సిస్టర్, వారం వేసుకున్నాను గదా, చాలదా? ఇరవై ఎనిమిది రోజులే ఎందుకు?" అని అడిగింది. పుస్తకంలో అలా ఉంది అని చెప్పాను. అంతకంటే నాకూ తెలియదు అప్పుడు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ఇరవై ఎనిమిది రోజుల లెక్క కోతుల దగ్గర నుండి వచ్చింది.

1995లో అమెరికాలోని సియాటిల్‌లో శాస్త్రవేత్తలు కొన్ని కోతుల రక్తంలోకి ఎస్.ఐ.వి. ఎక్కించారు. కొన్నింటికి వైరస్ ఎక్కించడానికి రెండు రోజుల ముందు, కొన్నింటికి ఎక్కించిన 4 గంటల తర్వాత, కొన్నింటికి 24 గంటల తర్వాత ఒక మందు మొదలుపెట్టి రోజూ ఒకసారి చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. మందు పడిన కోతుల్లో ఒక్కదానికీ వైరస్ పట్టలేదు. మందు పడని కోతులన్నింటికీ పట్టింది. 1998లో అదే బృందం ఇంకో ప్రశ్న వేసింది. ఆలస్యంగా మొదలుపెడితే ఏమవుతుంది? ముందే ఆపేస్తే ఏమవుతుంది? 24 గంటల్లో మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చిన కోతులన్నీ తప్పించుకున్నాయి. 48 గంటలకో, 72 గంటలకో మొదలుపెట్టినప్పుడు, లేదా 10 రోజులకో, 3 రోజులకో ఆపేసినప్పుడు ఆ రక్షణ పూర్తిగా నిలవలేదు, కొన్ని కోతులకు వైరస్ పట్టుకుంది.

ఈ ప్రయోగం మనుషుల మీద ఎవరూ చేయలేరు. నలుగురు నర్సులను పిలిచి, హెచ్.ఐ.వి. ఉన్న సూది గుచ్చి, నీకు 3 రోజులు, నీకు 28 రోజులు అని మందు పంచడం ఏ మనస్సాక్షీ ఒప్పుకోదు. మనుషుల్లో చేయగలిగింది ఒక్కటే, అప్పటికే సూది గుచ్చుకున్నవారి రికార్డులు వెనక్కి తిరిగి చూడటం. అలా 1997లో ప్రచురించిన ఒక పరిశీలనలో, సూదిపోటు తర్వాత జిడోవుడిన్ మందు వాడిన ఆరోగ్య సిబ్బందిలో ప్రమాదం సుమారు 80 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. కోతులు చెప్పిందీ, మనుషుల రికార్డులు చెప్పిందీ ఒకే దిక్కు చూపించాయి. అందుకే ఆ లెక్కను నమ్మగలిగాము.

ఆ అమ్మాయి వాంతుల మందు కూడా వాడుతూ 28 రోజులూ పూర్తిచేసింది. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు చేసిన పరీక్షలన్నీ నెగటివ్ వచ్చాయి. హెచ్.ఐ.వి. ఉన్న సూది గుచ్చుకుంటే, మందు ఏమీ వాడకపోయినా అంటుకునే అవకాశం వెయ్యింటికి మూడు మాత్రమే. కాబట్టి ఆమె మందువల్లే తప్పించుకుందని నేను ప్రమాణం చేయలేను. అయినా ఆ మూడింటిలో ఎవరు ఉంటారో ముందుగా ఎవరికి తెలుసు?

ఇంట్లో రోగిని చూసుకునే కుటుంబ సభ్యులకూ ఇది వర్తిస్తుంది. సూది గానీ బ్లేడు గానీ గుచ్చుకుంటే ఆ వేలు పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు, డెట్టాలు పోయవద్దు. నీళ్లు, సబ్బు చాలు. రెండు గంటల్లోపు మందు పడితే మంచిది. 72 గంటలు దాటితే ఆ మందు మొదలుపెట్టడం వల్ల ఉపయోగం ఉండదు. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు, రాత్రయినా క్యాజువాల్టీకి రండి.

సియాటిల్ కోతులకు ఇచ్చిన ఆ మందు పేరు అప్పట్లో పి.ఎం.పి.ఎ. ఇప్పుడు దాన్ని టెనోఫోవిర్ అంటున్నారు. 2001లో అమెరికాలో మనుషుల వాడకానికి అనుమతి వచ్చింది. మీలో చాలామంది ఏ.ఆర్.టి. సెంటరు నుండి తెచ్చుకుని రోజూ వేసుకునే ఒకే మాత్రలో మూడు మందులు ఉంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. అందులో మొదటిది ఇదే.

మూడు రోజులకే దాక్కుంటుంది

"ఆరేళ్లు మందులు వాడాను, వైరస్ కనపడటం లేదన్నారు, ఇంకా ఎందుకు వాడాలి?" అని అడిగేవారు ఎక్కువ. దీనికి సమాధానం కూడా కోతుల్లోనే స్పష్టంగా కనబడింది.

2014లో అమెరికాలోని బోస్టన్ శాస్త్రవేత్తలు రీసస్ కోతులకు ఎస్.ఐ.వి. అంటించి, కొన్నింటికి మూడో రోజున, కొన్నింటికి ఏడో రోజున, పదో రోజున, పద్నాలుగో రోజున మందులు మొదలుపెట్టారు. మూడో రోజున మొదలుపెట్టిన కోతుల రక్తంలో అసలు వైరస్ ఎప్పుడూ కనబడనే లేదు. ఆరు నెలలు మందులిచ్చి ఆపారు. మూడో రోజు కోతులతో సహా అన్నింటిలోనూ వైరస్ తిరిగి వచ్చింది. మూడో రోజు వాటిలో కొంచెం ఆలస్యంగా, సుమారు మూడు వారాలకు వచ్చింది, అంతే తేడా.

అంటే రక్తంలో కనబడకముందే అది లింఫ్ గ్రంథుల్లోకి, ఇతర చోట్లకు చేరి నిద్రపోతున్న కణాల్లో దాక్కుంటోంది. మందులు పనిచేసేది మేలుకుని నకళ్లు తయారుచేసే వైరస్ మీదే. నిద్రపోయే కణంలో మౌనంగా ఉన్నదాన్ని అవి తాకలేవు. మనుషుల్లో జబ్బు ఎన్నో రోజున అంటుకుందో సాధారణంగా ఎవరికీ తెలియదు గనుక మూడో రోజున ఏం జరిగిందో మనుషుల్లో ఇంత దగ్గరగా చూడటం కష్టం. కోతిలో ఆ తేదీ, గంటతో సహా తెలుసు.

ఇలాగే 1998లో మరో సంగతి కోతుల్లో బయటపడింది. వైరస్ మొదటి వారాల్లోనే ఎక్కువగా నాశనం చేసేది పేగుల్లోని సి.డి.4 కణాలను. అప్పటివరకు అందరూ రక్తంలోనే లెక్కపెడుతున్నారు. తర్వాత మనుషుల పేగుల్లో చూస్తే అక్కడా అదే కనబడింది.

కోతులు తప్పుదారి పట్టించిన వేళలు

ఇంతవరకు చదివి కోతులు చెప్పిందల్లా నిజమే అనుకోవద్దు. టీకాల విషయంలో అవి శాస్త్రవేత్తలను చాలాసార్లు ఏడిపించాయి.

1990 ప్రాంతంలో, చంపిన ఎస్.ఐ.వి.తో తయారుచేసిన టీకా కోతులను కాపాడుతోందని గొప్ప ఆశ పుట్టింది. 1991లో ఇంగ్లండులో ఒక బృందం జాగ్రత్తగా తిరిగి చూసింది. టీకా కోసం ఆ వైరస్‌ను మనిషి కణాల్లో పెంచారు. వైరస్ ఏమీ లేని ఉత్త మనిషి కణాలు ఎక్కించిన కోతుల్లో కూడా కొన్నింటికి రక్షణ కలిగింది. అంటే కోతి శరీరం ఎదిరించింది వైరస్‌ను కాదు, దానికి అంటుకుని ఉన్న మనిషి కణాల ముక్కలను. మనిషికి వేస్తే అలా జరగదు, మన కణాలు మనకు పరాయివి కావు గదా.

తర్వాత బలహీనపరిచిన బ్రతికున్న వైరస్‌ను టీకాగా వాడి చూశారు. 1992లో పెద్ద కోతుల్లో అది అద్భుతంగా పనిచేసింది. 1995లో ఇంకొక బృందం అలాగే బలహీనపరిచిన వైరస్‌ను అప్పుడే పుట్టిన కోతిపిల్లలకు ఇస్తే, టీకా అనుకున్నదే వాటికి ఎయిడ్స్ తెచ్చింది. అది మనుషుల దాకా రాకుండా ఆగిపోయింది. జంతు ప్రయోగాల వల్ల మేలు ఏమైనా ఉందా అని అడిగితే నేను మొదట చెప్పేది ఈ సంగతే.

2007లో జరిగింది మాత్రం బాధాకరం. ఒక పెద్ద కంపెనీ తయారుచేసిన టీకా కోతుల్లో ష్యివ్‌ను బాగా అదుపుచేసింది. ఆ నమ్మకంతో సుమారు 3000 మంది వాలంటీర్లతో స్టెప్ అనే పరీక్ష మొదలుపెట్టారు. 2007 సెప్టెంబరులో దాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. టీకా కాపాడలేదు. పైగా టీకా వేసుకున్న కొందరు మగవారిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. కోతుల మీద వాడిన ఆ రకం ష్యివ్ సులభంగా లొంగేదని, నిజమైన హెచ్.ఐ.వి. అంత సులభం కాదని తర్వాత గ్రహించారు. పరీక్ష పేపరు తేలికగా ఇస్తే మార్కులు ఎక్కువ వస్తాయి, అంతమాత్రాన పిల్లవాడికి పాఠం వచ్చినట్టు కాదు.

ఇక ఆ పేపరు ముక్కలోని ఎలుకల సంగతి

ఎలుకకు హెచ్.ఐ.వి. పట్టదని మొదట చెప్పాను. మరి ఎలుకల్లో హెచ్.ఐ.వి. తీసేయడం ఏమిటి? 1988 నుండి శాస్త్రవేత్తలు ఒక కొత్త దారి పట్టారు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ఎలుకలను తీసుకుని, వాటిలో మనిషి కణాలను నాటుతారు. అవి పెరిగి ఎలుక ఒంట్లో మనిషి రక్తకణాలు తిరుగుతాయి. వైరస్ పట్టేది ఎలుక కణాలకు కాదు, ఎలుక ఒంట్లో అద్దెకున్న మనిషి కణాలకు.

ఆ కణాలు ఎక్కడివి అని విశ్వాసులు అడగవలసిన ప్రశ్నే. కొన్ని ప్రయోగశాలలు కాన్పు తర్వాత బొడ్డుతాడులో మిగిలిన రక్తం నుండి తీస్తాయి. కొన్ని గర్భస్రావం చేసిన పిండాల నుండి తీసిన కణజాలం వాడతాయి. మొదటిదానికి నాకు అభ్యంతరం లేదు. రెండోది నా మనస్సాక్షికి బరువుగానే ఉంది. దానివల్ల తెలిసిన సంగతులు ఉపయోగపడ్డాయని తెలిసినా ఆ బరువు దిగలేదు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా లెక్కచేస్తాడని సామెతల గ్రంథం చెబుతుంది. పశువు విషయంలోనే అలా ఉంటే, మనిషి విషయంలో ఇంకెంత జాగ్రత్త ఉండాలి.

అసలు విషయానికి వస్తాను. ఆ 2019 ఎలుకల్లో రెండు పనులు చేశారు. ముందు చాలా కాలం నిలిచే మందులిచ్చి వైరస్‌ను అణిచారు. తర్వాత కణం లోపల దాక్కున్న వైరస్ ముక్కను కత్తిరించే క్రిస్పర్ అనే పద్ధతి వాడారు. రెండూ కలిపినవాటిలో మూడింట ఒక వంతు బాగయ్యాయి. మిగతా రెండు వంతుల సంగతి ఆమె తమ్ముడు చదివిన ముక్కలో రాయలేదు. ఇంకో సంగతి, ఎలుక చిటికెడు ప్రాణి. దాని ఒంట్లో నాటిన మనిషి కణాలు కొద్ది, అవి ఉండే కాలమూ కొద్ది. మనిషిలో వైరస్ దాక్కునే చోట్లు పేగులు, లింఫ్ గ్రంథులు, మెదడు. ఏళ్ల తరబడి దాక్కుని ఉంటుంది.

ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. ఆ కత్తిరింపు పద్ధతిని మనుషుల మీద చాలా జాగ్రత్తగా, కొద్దిమందితో పరీక్షించారు. 2024లో ఫలితాలు చెప్పారు. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు, అది మంచి వార్త. కానీ వైద్యుల పర్యవేక్షణలో మందులు ఆపి చూసిన ముగ్గురిలోనూ వైరస్ తిరిగి వచ్చింది. ఒకరిలో కొంత ఆలస్యంగా వచ్చింది. ప్రయత్నం ఆగిపోలేదు, మెరుగుపరుస్తున్నారు. అయితే ఎలుకల్లో కనిపించింది మనుషుల్లో ఇంకా కనిపించలేదు.

ప్రపంచంలో హెచ్.ఐ.వి. నుండి పూర్తిగా బయటపడ్డవారు అసలు లేరా అంటే, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది ఉన్నారు. వారిలో దాదాపు అందరూ రక్త క్యాన్సర్ వచ్చి, ప్రాణాపాయంతో కూడిన ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారు. మాత్రలతో ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏ డాక్టరూ ఆ పని చేయరు.

కోతుల్లో పనిచేసింది మనుషుల్లోనూ పనిచేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. హెచ్.ఐ.వి. లేనివారికి అది రాకుండా నెలల తరబడి కాపాడే కాబోటెగ్రావిర్ అనే ఇంజెక్షన్ ముందు 2014లో కోతులను కాపాడింది. 2020లో వేలమంది మనుషుల మీద జరిగిన పరీక్షల్లో అదీ నిలబడింది. మధ్యలో ఆరేళ్లు పట్టింది చూడండి. వార్త చదివినప్పుడు మొదట చూడవలసింది, ఇది ఏ ప్రాణిలో జరిగింది అన్న మాట. ఎలుకల్లో అని ఉంటే మీ మాత్రల డబ్బా ముట్టుకోవద్దు. కోతుల్లో అని ఉన్నా ముట్టుకోవద్దు. మనుషుల్లో అని ఉంటే ఎంతమందిలో, ఎన్ని రోజులు చూశారు అని మీ ఏ.ఆర్.టి. సెంటరు డాక్టరుగారినో, మమ్మల్నో అడగండి. పేపరు ముక్క తెచ్చి చూపించండి, నవ్వము. సెంటరు దూరమైతే 1097కు ఫోను చేయండి, అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైను, డబ్బు పడదు.

ఆ తల్లికి ముందు నోటిపూతకూ విరేచనాలకూ వైద్యం చేసి, మా కౌన్సిలరు వెంటబెట్టుకుని ఏ.ఆర్.టి. సెంటరుకు తీసుకెళ్లింది. వైరల్ లోడ్ బాగా పెరిగి ఉంది. మళ్లీ మందులు మొదలుపెట్టారు. ఆమె మాత్రలు ఆపడానికి పేపరు వార్త ఒక్కటే కారణం కాదని అప్పుడు తెలిసింది. మాత్ర వేసుకున్నప్పుడల్లా కడుపులో తిప్పుతుందని, ఎవరితోనూ చెప్పలేదని అంది. వేసుకునే వేళ మార్చుకుంటే ఆ బాధ చాలా తగ్గింది. ఆరు నెలల తర్వాత చేసిన పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గింది. పేపరు ముక్కను మాత్రం ఆమె పారేయలేదు. ఇప్పటికీ మాత్రల కవరులోనే పెట్టుకుని ఉంది. ఈ మధ్య కనిపించినప్పుడు, "ఆ ఎలకల సంగతి ఎంతవరకు వచ్చింది సిస్టరమ్మా?" అని అడిగింది. పైన రాసిందంతా ఆమెకు చెప్పాను.